నూనె తాగిన మట్టికి బ్యాక్టీరియా పౌడర్: 5కి 3 స్టార్లు, అందులో 2 ల్యాబ్ రిపోర్టువే

ముందే చెప్పేస్తున్నా, ఇది పనికిరాని సరుకు కాదు. అలాగని డబ్బా మీద బొమ్మలో చూపించినట్టు నల్లటి మట్టి మీద చల్లితే వారం తిరక్కుండా పచ్చగడ్డి మొలిచే మాయమందూ కాదు. మట్టిలో పడ్డ డీజిల్‌ని బ్యాక్టీరియా తింటుందా అంటే తింటుంది, అందులో అనుమానమే లేదు, ఎప్పుడో తేలిపోయిన విషయం అది. నా అనుమానమల్లా ఒక్కటే, ఆ తినే బ్యాక్టీరియాని డబ్బులిచ్చి కొనాలా, లేక మన మట్టిలోనే ఉందా అని. వాడి చూసాక నాకు తేలిందేంటంటే చాలామటుకు మన మట్టిలోనే ఉంది, కొనాల్సింది పౌడర్ కాదు, పరీక్ష. ఎందుకో వివరంగా రాస్తా, పొడుగవుతుంది, ఓపిక లేనివాళ్ళు గాలి లెక్క, ఎరువు లెక్క ఉన్న పేరాలు చూసుకుని వెళ్ళిపోండి.

కంపెనీ పేరు రాయట్లేదు. ఈ రకం పౌడర్లు చాలామంది అమ్ముతున్నారు, లేబుళ్ళు తిరగేస్తే అన్నిటి మీదా ఇంచుమించు ఒకటే మాటలు, ఒక్కళ్ళని పట్టుకుని తిట్టి ఉపయోగం లేదు. నేను తీసుకున్నది ప్యాకేజీ, అంటే పౌడర్ ప్యాకెట్లు, దాంతోపాటు వాళ్ళే ఇచ్చే పోషకాల ప్యాకెట్, "బూస్టర్" అని ఒక బాటిల్, ఇంకా వాళ్ళ మనిషి వచ్చి మట్టి శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపించి రిపోర్టు ఇచ్చే సర్వీసు.

వాడింది రెండు చోట్ల. ఒకటి జనరేటర్ షెడ్ వెనక డీజిల్ ట్యాంకు వాల్వ్ దగ్గర లీకై మట్టిలోకి ఇంకిపోయిన చోటు. రెండోది బళ్ళు సర్వీసింగ్ చేసే చోట ఏళ్ళ తరబడి కాలిన ఇంజన్ ఆయిల్ పడి పడి తారులా అట్టకట్టేసిన నేల. ఈ రెండూ పైకి చూడటానికి ఒకటేలా నల్లగా ఉంటాయి గానీ బ్యాక్టీరియా కంటికి అస్సలు ఒకటి కాదు, ఆ తేడా ఏంటో కింద రాస్తా, ఈ రివ్యూలో అసలు ముఖ్యమైంది అదే.

ప్యాకెట్ సంగతి. గోధుమరంగు పొడి, తడి మట్టి వాసన, చేత్తో ముట్టుకుంటే రంపపు పొట్టులా గరగరలాడుతుంది. ఆ పొట్టు ఊరికే బరువు కోసం కలిపింది కాదు, బ్యాక్టీరియాకి ఏదో ఒక ఆధారం కావాలి, అది పట్టుకుని బతకటానికి. మన దేశంలోని టెరీ అనే పరిశోధన సంస్థ వాళ్ళు తయారుచేసిన ఆయిల్‌జాపర్ అనే ఇలాంటి సరుకులో కూడా బ్యాక్టీరియా మిశ్రమాన్ని పొడిచేసిన మొక్కజొన్న కండెల మీదే పట్టించి ఇస్తారు. కాబట్టి పొట్టు చూసి మోసం అనుకోకండి. మోసం అనిపించింది లేబుల్. ఏ బ్యాక్టీరియా ఉందో పేరు లేదు, గ్రాముకి ఎన్ని బతికున్నాయో అంకె ఉంది గానీ ఆ అంకె ఏ తేదీనాటిదో లేదు, ఎంత వేడిలో నిల్వ ఉంచాలో లేదు. "ప్రత్యేకంగా ఎంపిక చేసిన సహజ సూక్ష్మజీవులు" అంట. సహజమైనవే, కాదన్నదెవరు, పేరేంటో చెప్పండి.

పేరు ఎందుకు అడుగుతున్నానంటే రెండు కారణాలు. నూనె తినేవాటిలో సూడోమోనాస్, రోడోకాకస్, ఎసినెటోబ్యాక్టర్, మైకోబ్యాక్టీరియం, బాసిల్లస్ ఇలా బోలెడు రకాలున్నాయి. బాసిల్లస్ లాంటివి స్పోర్లు కడతాయి, అంటే గట్టి కవచం కట్టుకుని ఎండా పొడీ తట్టుకుని ప్యాకెట్లో చాలాకాలం ఉండగలవు. సూడోమోనాస్ స్పోరు కట్టదు, వేడి గోడౌన్‌లో నెలల తరబడి పడి ఉన్న ప్యాకెట్లో అది ఎన్ని బతికుంటాయో దేవుడికే తెలియాలి. రెండో కారణం ఇంకా ముఖ్యం, సూడోమోనాస్‌లోనే ఏరుజినోసా అనే జాతి ఉంది, నూనె బాగానే తింటుంది గానీ ఒంట్లో రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్ళకి, కాలిన గాయాలున్నవాళ్ళకి ఇన్ఫెక్షన్ తెచ్చే రకం అది. చేత్తో చల్లే పొడిలో అది ఉందో లేదో కొనేవాడికి తెలియాలి కదా. ఫోన్ చేసి అడిగితే "అది మా ఫార్ములా సార్, చెప్పకూడదు" అన్నాడు ఆ అబ్బాయి. ఇక్కడే ఒక స్టార్ ఎగిరిపోయింది.

ఇప్పుడు అసలు ఇవి నూనెని ఎలా తింటాయో కొంచెం చెప్పుకుంటే తర్వాత రాసేది అర్థమవుతుంది. డీజిల్ అంటే కార్బన్, హైడ్రోజన్ గొలుసులు. బ్యాక్టీరియా ఒక ఎంజైముతో గొలుసు చివర ఒక ఆక్సిజన్ తగిలిస్తుంది, అప్పుడు అది ఆల్కహాల్ లాంటిది అవుతుంది, దాన్ని ఫ్యాటీ యాసిడ్‌గా మార్చి, అక్కణ్ణించి రెండేసి కార్బన్ల చొప్పున తుంచుకుంటూ పోతుంది. చివరికి మిగిలేది కార్బన్ డయాక్సైడ్, నీళ్ళు, ఇంకా కొత్త బ్యాక్టీరియా. గమనించండి, మొట్టమొదటి అడుగులోనే ఆక్సిజన్ కావాలి. గాలి లేకపోయినా తినే రకాలు ఉన్నాయి గానీ వాటి వేగం చూస్తే మన జీవితం సరిపోదు. అంటే నూనె తడిసి ముద్దయిపోయి గాలి ఆడని మట్టి మీద మీరు ఎంత ఖరీదైన పౌడర్ చల్లినా వృథా. లీఫ్‌లెట్‌లో ఈ సంగతి "అప్పుడప్పుడు మట్టిని కదపండి" అని ఒక్క లైన్లో తేల్చేసారు. ఆ లైను మొదటి పేజీలో పెద్దక్షరాల్లో ఉండాల్సింది!

ఎందుకంటారా, లెక్క చూడండి. ఒక ఘనపు మీటరు మట్టి సుమారు 1500 కిలోలు. అందులో 1 శాతం నూనె ఉంది అనుకుందాం, ల్యాబ్ భాషలో 10,000 పీపీఎం, అంటే 15 కిలోల నూనె. ఒక కిలో నూనె పూర్తిగా కార్బన్ డయాక్సైడ్, నీళ్ళు అయిపోవాలంటే దాదాపు మూడున్నర కిలోల ఆక్సిజన్ కావాలి, అంటే 15 కిలోలకి 50 కిలోల పైనే. ఒక ఘనపు మీటరు గాలిలో ఉండే ఆక్సిజన్ పావు కిలో కంటే కాస్త ఎక్కువ, అంతే. అంటే ఆ ఒక్క ఘనపు మీటరు మట్టికి దగ్గర దగ్గర 180 ఘనపు మీటర్ల గాలి అందాలి! నూనెలో కొంత భాగం బ్యాక్టీరియా ఒళ్ళుగా మారిపోతుంది కాబట్టి నిజంగా అంత అక్కర్లేకపోవచ్చు, అయినా సగమే వేసుకున్నా తక్కువేం కాదు. మట్టి రంధ్రాల్లో ఒకేసారి ఉండే గాలి ఏ మూలకీ చాలదు. ఇది తెలిసాక పార పట్టుకుని మట్టి తిరగేసే మనిషి ఈ మొత్తం పనిలో పౌడర్ కంటే విలువైనవాడు అని నాకు అర్థమైంది. పెద్ద పనుల్లో అయితే మట్టిని కుప్పలు పోసి మధ్యలో చిల్లుల పైపులు పెట్టి బ్లోయరుతో గాలి కొడతారు, బయోపైల్ అంటారు దాన్ని. పల్చగా పరిచి దున్నుతూ ఉంటే ల్యాండ్‌ఫార్మింగ్. మాది చిన్న పని కాబట్టి పల్చగా పరిచి తిరగేయటమే.

తర్వాత ఎరువు. నూనెలో కార్బన్ కావాల్సినంత ఉంది గానీ నైట్రోజన్, ఫాస్ఫరస్ లేనట్టే. బ్యాక్టీరియా పెరగాలంటే, అంటే కొత్త కణాలు కట్టుకోవాలంటే అవి రెండూ కావాలి. అందరూ వాడే లెక్క కార్బన్ 100 ఉంటే నైట్రోజన్ 10, ఫాస్ఫరస్ 1. పైన చెప్పిన 15 కిలోల నూనెలో కార్బన్ సుమారు 12-13 కిలోలు, అంటే నైట్రోజన్ కిలోంపావు, ఫాస్ఫరస్ 130 గ్రాముల లోపు. మామూలు యూరియా రెండున్నర కిలోలు, డీఏపీ ఒక అరకిలో పైచిలుకు, అయిపోయింది. వీళ్ళు ప్యాకేజీలో ఇచ్చిన "బయో న్యూట్రియంట్" ప్యాకెట్ వెనక చిన్నక్షరాలు చదివితే అందులో ఉన్నదీ నైట్రోజన్, ఫాస్ఫరస్, కాస్త పొటాషే. ఎరువుల కొట్లో దొరికేదాన్ని పేరు మార్చి ఎన్నో రెట్ల ధరకి అమ్మటం నాకు నచ్చలేదు. ఒక మాట జాగ్రత్త, చవగ్గా వస్తోంది కదా అని యూరియా మొత్తం ఒకేసారి గుమ్మరించకండి, ఉప్పు పెరిగి, అమోనియా ఘాటు పట్టి ఉన్న బ్యాక్టీరియా కూడా దెబ్బతింటుంది, పైగా వాన పడితే నైట్రేటు కిందకి దిగి భూగర్భ జలాల్లో కలుస్తుంది. నూనె తీయబోయి నీళ్ళు పాడుచేసుకోవటం ఎందుకు, విడతలుగా వేసుకోండి.

నీళ్ళ విషయం చిన్నదే. పిడికిట్లో మట్టి పట్టుకుని గట్టిగా నొక్కితే ముద్ద కట్టాలి, నీళ్ళు కారకూడదు, ఆ తేమ చాలు. ఎక్కువైతే రంధ్రాల్లో గాలి ఉండాల్సిన చోట నీళ్ళు కూర్చుంటాయి, మళ్ళీ ఆక్సిజన్ గొడవ. ప్యాకెట్ పొడిని నానబెట్టే నీళ్ళలో క్లోరిన్ ఉంటే కొన్నదాన్ని మన చేతులతో మనమే చంపుకున్నట్టు, బావి నీళ్ళో బోరు నీళ్ళో వాడాలి, కుళాయి నీళ్ళయితే ముందు రోజే మూత లేని తొట్టిలో పట్టి ఉంచాలి. ఈ ముక్క లీఫ్‌లెట్‌లో ఉంది, వాళ్ళకి ఆ మార్కు ఇస్తున్నా. పీహెచ్ 6 నుంచి 8 మధ్య ఉంటే మంచిది, వాతావరణం వెచ్చగా ఉండాలి, 10 డిగ్రీల కంటే కిందకి పోతే పని బాగా మందగిస్తుంది.

సరే, పౌడర్ పనిచేసిందా లేదా. దీనికోసం డీజిల్ మట్టిని రెండు మడులుగా విడగొట్టాం. రెండిటికీ కింద మందపాటి పట్టా, రెండిటికీ ఒకే యూరియా, ఒకే నీళ్ళు, ఒకే రోజు తిరగేయటం. ఒక మడిలో మాత్రమే పౌడర్. కంపెనీ మనిషికి ఇది నచ్చలేదు, "రెండిట్లోనూ వేసేయండి సార్, మట్టి ఎందుకు వేస్ట్ చేసుకుంటారు" అన్నాడు, వినలేదు. మొదటి రోజుల్లో పౌడర్ వేసిన మడిలో వాసన తొందరగా తగ్గినట్టే అనిపించింది, మా పనాయన అయితే "ఇదిగో చూడండి, దీంట్లో మందు పట్టింది" అని సంబరపడ్డాడు కూడా. తర్వాత తర్వాత తేడా తెలియలేదు. చివర్లో రెండు మడుల రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండిట్లోనూ నూనె బాగా తగ్గింది, రెండిటి మధ్య తేడా మాత్రం ఒకే మడిలో రెండు మూలల నుంచి తీసిన శాంపిళ్ళ మధ్య ఉన్నంతే ఉంది. అంటే పౌడర్ వల్ల అని చెప్పుకోవటానికి ఏమీ మిగల్లేదు.

ఇది మా మట్టి తిక్క అనుకోకండి, పెద్ద పెద్ద చోట్లే ఇలా తేలింది. 1989లో అలాస్కా దగ్గర ఎక్సాన్ వాల్డెజ్ ఓడ రాతిదిబ్బకి గుద్దుకుని దాదాపు 4 కోట్ల లీటర్ల ముడి చమురు సముద్రంలో కలిసింది. అప్పుడు తీరం శుభ్రం చెయ్యటానికి బ్యాక్టీరియా వాడారు అని చాలామంది చెప్తుంటారు. వాడింది నిజమే, కాకపోతే బయట్నించి తెచ్చి వదిలింది కాదు, వాళ్ళు రాళ్ళ మీద చల్లింది ఎరువు. నూనెకి అంటుకునే రకం ద్రవ ఎరువు ఒకటి, మెల్లమెల్లగా కరిగే గుళికలు ఒకటి. అక్కడున్న బ్యాక్టీరియానే ఆ ఎరువు తిని జోరందుకుంది. తర్వాత మార్కెట్లో అమ్మే బ్యాక్టీరియా రకాలు కూడా అక్కడ పరీక్షించారు, ఉత్త ఎరువు కంటే మెరుగైన ఫలితం కనపడలేదు. 1994లో అమెరికాలోనే డెలావేర్ తీరంలో కావాలనే కొంచెం ముడి చమురు పోసి మరీ చూసారు, కొన్ని మడులకి ఏమీ వేయలేదు, కొన్నిటికి పోషకాలు, కొన్నిటికి పోషకాలతోపాటు బ్యాక్టీరియా. బ్యాక్టీరియా వేసినదానికీ ఉత్త పోషకాలు వేసినదానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అంత పకడ్బందీగా చేసినచోటే అలా వస్తే మన షెడ్ వెనక వేరేలా ఎలా వస్తుంది.

కారణం కూడా తేలికే. ఆకుల మీద మైనం పూత ఉంటుంది కదా, అదీ ఇలాంటి పొడుగు కార్బన్ గొలుసులే. అందువల్ల ఇలాంటివి తినగలిగే బ్యాక్టీరియా దాదాపు ప్రతి మట్టిలోనూ కొద్దో గొప్పో ఉంటుంది, శుభ్రమైన మట్టిలో మొత్తం సూక్ష్మజీవుల్లో 0.1 శాతం కూడా ఉండకపోవచ్చు, నూనె పడగానే మిగతావి వెనకబడి ఇవి విపరీతంగా పెరిగిపోతాయి. మా ట్యాంకు దగ్గర డీజిల్ కారటం నిన్న మొన్న మొదలైంది కాదు, అక్కడి బ్యాక్టీరియా ఎప్పుడో దానికి అలవాటు పడిపోయింది. ప్యాకెట్లోంచి వచ్చినవి ఊరికి కొత్త, ఆ మట్టి ఉప్పు, ఆ ఎండ, అక్కడ బ్యాక్టీరియాని తినే ప్రోటోజోవా, వీటన్నిటితో వేగలేక తగ్గిపోతాయి.

ఇంకో ముచ్చట చెప్పాలి, పేరా కొంచెం దారి తప్పుతుంది. నూనె తినే బ్యాక్టీరియా అనగానే చాలామందికి గుర్తొచ్చే పేరు ఆనంద మోహన్ చక్రవర్తి. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేస్తూ 1970ల మొదట్లో వేరే వేరే బ్యాక్టీరియాల్లో ఉన్న నూనె విరగ్గొట్టే జన్యువుల ప్లాస్మిడ్లన్నీ, అంటే విడిగా ఉండే చిన్న డీఎన్ఏ చుట్టలన్నీ, ఒకే సూడోమోనాస్‌లోకి చేర్చాడాయన. దానికి పేటెంట్ ఇస్తారా ఇవ్వరా అని కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 1980లో 5-4 తేడాతో ఆయన వైపు తీర్పు వచ్చింది, ప్రాణమున్న జీవికి పేటెంట్ విషయంలో అదొక మైలురాయి. ఇంత పేరొచ్చిన ఆ బ్యాక్టీరియాని మాత్రం చమురు ఒలికిన చోట ఎక్కడా వదల్లేదు. సేల్స్ వాళ్ళు బ్రోషర్లో ఈ కథ వేసుకుని "ఇదే టెక్నాలజీ" అన్నట్టు చెప్తే నమ్మకండి, మా దాంట్లో కూడా ఉంది ఆ కథ. డబ్బా మీద సహజ సూక్ష్మజీవులు అని రాసి లోపల బ్రోషర్లో జన్యువులు మార్చినదాని కథ చెప్పటం, ఏది నమ్మాలో మరి.

ఇప్పుడు రెండో చోటు, కాలిన ఇంజన్ ఆయిల్. ఇక్కడ పౌడర్ వేసినా, వేయకపోయినా, ఎన్నిసార్లు తిరగేసినా కదలిక చాలా తక్కువ. ఇది పౌడర్ తప్పని నేను అనను, ఏ పౌడరైనా అంతే, కానీ ప్యాకెట్ మీద "అన్ని రకాల ఆయిల్స్‌కి" అని రాసుకున్నారు చూడండి, అది తప్పు. డీజిల్లో తిన్నని గొలుసులు బాగానే ఉంటాయి, అవి బ్యాక్టీరియాకి ఇష్టం, ముందు అవే తింటుంది. కొమ్మలున్న గొలుసులు తర్వాత. ఉంగరాలున్నవి ఇంకా తర్వాత. నాలుగైదు ఉంగరాలు అతుక్కున్న పీఏహెచ్‌లు అనే విషపు పదార్థాలు, తారులో ఉండే యాస్ఫాల్టీన్లు వీటి జోలికి దాదాపు పోదు. ఇంజన్ ఆయిల్ మామూలుగానే బరువైన గొలుసులు, ఇంజన్‌లో కాలి కాలి పీఏహెచ్‌లు పోగుపడతాయి, పైగా అరిగిన బేరింగుల రాగి, ఇనుము, ఆయిల్లో కలిపిన ఎడిటివ్‌ల జింకు ఇవన్నీ అందులోనే. లోహాన్ని ఏ బ్యాక్టీరియా తిని మాయం చెయ్యలేదు, అది మూలకం, ఎక్కడికీ పోదు. ఎక్కువగా ఉంటే తినే బ్యాక్టీరియాకే విషం. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ఈపీఏ వాళ్ళ మార్గదర్శకాల్లో మొత్తం పెట్రోలియం 50,000 పీపీఎం దాటినా, భార లోహాలు 2,500 పీపీఎం దాటినా ల్యాండ్‌ఫార్మింగ్ సరిగ్గా సాగదని ఉంటుంది. మా అట్టకట్టిన నేల మొదటి రిపోర్టులోనే ఆ నూనె గీత దాటేసి ఉంది. ఆ రిపోర్టు చేతిలో పెట్టుకుని కూడా వాళ్ళ మనిషి రెండో చోటుకి పౌడర్ అమ్మాడు, ఇది మాత్రం మర్చిపోలేను.

సర్వీసు గురించి ఇప్పుడు మంచి మాటలు. శాంపిల్ తీయటం బాగా చేసారు. పైన పైన గీకి తీసుకోలేదు, ఆగర్ (మట్టిలోకి తిప్పి దింపే బర్మా) దింపి మూడు లోతుల్లో తీసారు, ఒక్కచోట కాదు చాలా చోట్ల, పక్కన నూనె పడని మట్టి కూడా పోలికకి తీసుకున్నారు, గాజు సీసాల్లో నిండా నింపి ఐసు పెట్టెలో పట్టుకెళ్ళారు. ప్లాస్టిక్ కవర్లో వేసుకుని బ్యాగులో పడేసుకునేవాళ్ళు వస్తే అక్కడే ఆపేయండి, డీజిల్లో తేలిక భాగం దారిలోనే ఎగిరిపోతుంది. ల్యాబ్ కూడా వాళ్ళది కాదు, బయటి ల్యాబ్, రిపోర్టు నేరుగా నాకే వచ్చింది. ఈ ఒక్క కారణానికే నేను 2 స్టార్లు ఇస్తున్నా, ఎందుకంటే నూనె ఎంత లోతుకి దిగింది, ఎంత ఉంది, లోహాలున్నాయా, నైట్రోజన్ ఎంత, తినే బ్యాక్టీరియా గ్రాముకి ఎన్ని ఉన్నాయి, ఇవి తెలిస్తే మిగతా పని చేసుకోవటానికి పెద్ద చదువు అక్కర్లేదు. గ్రాముకి 1000 కంటే ఎక్కువ బ్యాక్టీరియా ఉందంటే మట్టి పనికి సిద్ధంగా ఉన్నట్టే లెక్క, మా డీజిల్ మట్టిలో దానికి చాలా రెట్లు ఉంది. నిజాయితీగా అయితే ఆ కాగితం చూసి వాళ్ళే "మీకు పౌడర్ అక్కర్లేదు" అని చెప్పాలి. చెప్తారా మరి!

మీరు ఎవరి దగ్గర చేయించుకున్నా ల్యాబ్‌ని ఒక్కటి అడగండి, మొత్తం నూనె అంకె ఒక్కటే కాకుండా నూనెలో ఏ రకం ఎంతుందో విడివిడిగా చూపించే గ్యాస్ క్రొమటోగ్రఫీ గ్రాఫ్ కూడా ఇమ్మని. అందులో సీ-17 అనే 17 కార్బన్ల తిన్నని గొలుసుకీ, ప్రిస్టేన్ అనే కొమ్మలున్న దానికీ ఉన్న నిష్పత్తి చూడాలి. ఆ రెండూ దాదాపు ఒకే వేడికి ఆవిరయ్యేవి, అందుకని గాలికి ఎగిరిపోయి ఉంటే రెండూ సమానంగా తగ్గుతాయి. బ్యాక్టీరియా తింటే సీ-17 ముందు తగ్గుతుంది, ప్రిస్టేన్ వెనక మిగులుతుంది. అప్పుడు తగ్గింది నిజంగా తినటం వల్లా లేక ఎండలో తిరగేసినందుకు ఆవిరైపోవటం వల్లా అనేది తెలిసిపోతుంది. డీజిల్, ముఖ్యంగా పెట్రోలు పడ్డ మట్టిలో ఈ ఆవిరి భాగం తక్కువేం కాదు, చాలామంది చూపించే "ముందు-తర్వాత" అంకెల్లో గాలి చేసిన పని కూడా బ్యాక్టీరియా ఖాతాలో పడిపోతుంది. ఇంకో కనికట్టు పల్చన చెయ్యటం, మట్టి గుల్లగా ఉండాలని రంపపు పొట్టో, పక్కనున్న శుభ్రమైన మట్టో కలుపుతారు, అది గాలికి మంచిదే, కానీ సగానికి సగం కలిపితే నూనె చుక్క తగ్గకుండానే పీపీఎం సగమైపోతుంది. ఏం కలిపారో ఎంత కలిపారో రాసిపెట్టుకోండి.

బూస్టర్ బాటిల్ గురించి రెండు ముక్కలు, కొనకండి. నురగ చూస్తే డిటర్జెంట్ అని తెలిసిపోతోంది. నూనె నీళ్ళలో కరగదు కాబట్టి దాన్ని చిన్న చిన్న బొట్లుగా విడగొడితే బ్యాక్టీరియాకి అందుతుంది అనేది నిజమే, అసలు సూడోమోనాస్ లాంటివి రామ్నోలిపిడ్ అనే సబ్బులాంటి పదార్థం వాటంతట అవే తయారుచేసుకుంటాయి కూడా. మనం బయట్నించి సబ్బు నీళ్ళు ఇష్టమొచ్చినట్టు పోస్తే మాత్రం పైనున్న నూనె కరిగి కిందకి దిగుతుంది. పట్టా లేని నేల మీద పోసామంటే ఇక దాన్ని పట్టుకోలేం.

మరి పౌడర్ ఎవరికీ వద్దా అంటే అలా కాదు. ఈమధ్యే కొత్తగా ఒలికిన చోటు, పునాదుల లోతులోంచి తీసిన మట్టి, ఉత్త ఇసుక, సేంద్రియం ఏమీ లేని నేల, ఇలాంటి చోట తినే బ్యాక్టీరియా లెక్క తక్కువ వస్తే బయట్నించి వేసింది మొదట్లో పనిని ముందుకి నెడుతుంది, ఎదురుచూసే కాలం తగ్గుతుంది. రిఫైనరీ ట్యాంకుల అడుగున పేరుకునే చిక్కటి బురద లాంటి మొండి సరుకుకి, అక్కడి రకాన్నే ఏరి ల్యాబ్‌లో పెంచి మళ్ళీ అక్కడే వేసే పద్ధతికి కూడా అర్థం ఉంది. అందరికీ ఒకే ప్యాకెట్ అనేదగ్గరే నాకు తేడా. ఇక "రోజుల్లో ఫలితం" అని రాసినవాటిని నమ్మొద్దు, ల్యాండ్‌ఫార్మింగ్ అన్నీ బాగుంటేనే 6 నెలల నుంచి 2 ఏళ్ళు పట్టే పని, అప్పుడైనా 95 శాతం మించి తగ్గించటం చాలా కష్టం.

నా స్టార్లు ఇలా వేసా. శాంపిల్, ల్యాబ్ రిపోర్టుకి 2. పౌడర్‌కి అర, హాని చెయ్యలేదు కాబట్టి. ఎరువు కలిపి తిరగేస్తే డీజిల్ మట్టి బాగుపడుతుందనే పద్ధతిని చేతికి పరిచయం చేసినందుకు ఇంకో అర, అది వాళ్ళ లీఫ్‌లెట్ చదివి మొదలుపెట్టిందే కదా. మిగతా రెండూ లేబుల్, బూస్టర్, రెండో చోటుకి అంటగట్టిన ప్యాకెట్లు మింగేసాయి. ఇప్పుడు మళ్ళీ చేయాల్సొస్తే పరీక్ష ఒక్కటే వాళ్ళతో చేయించుకుంటా, యూరియా, డీఏపీ బయట కొంటా, తిరగేసే కూలికి ఇంకాస్త ఎక్కువ ఇస్తా.

ఇంజన్ ఆయిల్ మట్టిని మాత్రం తవ్వించి పట్టాలో కట్టి పెట్టాం, దాన్ని ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే అనుమతి ఉన్నవాళ్ళకే ఇవ్వాలి, పక్క ఖాళీ స్థలంలోనో కాలవలోనో పారబోసేది కాదు. డీజిల్ మడుల మట్టి గురించి కింద ఎలాగూ అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్తున్నా, గడ్డి మొలిచింది, బానే పెరిగింది, అయినా అందులో తినే మొక్కలేవీ వేయట్లేదు. గడ్డి మొలిచిందంటే విషం మొలకని చంపేంత లేదని మాత్రమే అర్థం, పీఏహెచ్ పరీక్ష విడిగా చేయించాలి, అది ఈ ప్యాకేజీలో లేదు, అడిగి వేయించుకోవాలి, దానికి వాళ్ళు వేరే బిల్లు వేస్తారు.